ఒక్క బైటు పనితనం

లినక్స్ కెర్నెల్ సోర్సులో కేప్రోబ్స్ అనే ఫైలు తెరిస్తే, కోడ్ కంటే ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు నాలుగైదు వరుసల్లో కనిపిస్తాయి. 2002 అక్టోబరులో దీన్ని మొదలుపెట్టింది వంశీకృష్ణ ఎస్. అనీ, రస్టీ రసెల్ చేసిన సూచనలు ఇందులో కలిశాయనీ మొదటి వరుస. 2004లో ప్రసన్న ఎస్. పంచముఖి సరిదిద్దారనీ, సుపర్ణ భట్టాచార్య ఒక కొత్త సదుపాయం చేర్చారనీ, 2005 మే నాటికి జిమ్ కెనిస్టన్, హియన్ న్గుయెన్ కూడా చేయి వేశారనీ తర్వాతి వరుసలు. వంశీకృష్ణ అప్పుడు ఐబీఎం భారతదేశ శాఖలో ఉన్నారు. ఏలూరు పవర్‌పేటలో నిలబడి వంశీ అని పిలిస్తే నలుగురు వెనక్కి తిరిగి చూస్తారు, అంత మామూలు పేరు. ఆ పేరు కింద ఉన్న పని చూద్దాం.

నడుస్తున్న కెర్నెల్‌ని ఆపకుండా, మళ్లీ కంపైల్ చెయ్యకుండా, రీబూట్ చెయ్యకుండా, అందులో మనం కోరుకున్న ఇన్‌స్ట్రక్షన్ దగ్గర కాపు కాయడం దీని పని. ప్రాసెసర్ అక్కడికి వచ్చినప్పుడల్లా మనం రాసిన చిన్న ఫంక్షన్ ఒకటి లేచి, రిజిస్టర్లలో ఏముందో చూసి, రాసుకుని, పక్కకు తప్పుకుంటుంది. మధ్యలో ఎవరో వచ్చి వెళ్లారని అసలు ప్రోగ్రాముకు తెలియనే కూడదు.

డీబగ్గింగ్ అంటే మన కాలేజీల్లో నేర్పేది ఆపి చూడడం. జీడీబీ పెడతాం, బ్రేక్‌పాయింట్ దగ్గర ప్రోగ్రాము నిలబడుతుంది, తీరిగ్గా లోపల వెతుక్కుంటాం. అది కుదరని చోటు ఒకటి ఊహించుకోండి. ఆకివీడు, కైకలూరు వైపు వనామి చెరువుల్లో నీటిలోని ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రంతా పీల్చుకుంటుంది కాబట్టి. ఏరియేటర్లు తప్పనిసరిగా తిరగాల్సిన వేళ అదే. వాటిని నడిపే పెట్టెలో లినక్స్ ఉందనుకుందాం, సెన్సారు నుంచి రావలసిన అంకె అప్పుడప్పుడు ఆలస్యంగా వస్తోందనుకుందాం. కెర్నెల్‌ని నిలబెట్టి చూద్దామంటే అంతసేపూ మోటార్ల సంగతి ఎవరు చూస్తారు? పోనీ కెర్నెల్లో అక్కడక్కడ ప్రింట్ వరుసలు చేర్చి కొత్తది ఎక్కిద్దామంటే రీబూట్ చెయ్యాలి. రీబూట్ చేశాక ఆ జబ్బు పది రోజులు కనబడకుండా దాక్కోవచ్చు. నడుస్తుండగానే నాడి పట్టుకోవాలి, వేరే దారి లేదు.

కంపైల్ చెయ్యడమూ ఆ పెట్టెలో జరిగే పని కాదు. అందులో ఉండేది ఆర్మ్ ప్రాసెసరో రిస్క్-ఫైవో, మెమరీ కొద్దిగా. తాడేపల్లిగూడెంలో 2015లో మొదలైన ఎన్ఐటీలో చదివే కుర్రాడి ల్యాప్‌టాప్‌లో సాధారణంగా ఉండేది ఎక్స్86. ఈ జాతి యంత్రం మీద కూర్చుని ఆ జాతి యంత్రానికి కోడ్ తయారుచెయ్యడమే క్రాస్ కంపైలింగ్. కెర్నెల్ వరకూ ఇది అనుకున్నంత కష్టం కాదు. ఏ ఆర్కిటెక్చరో, ఏ కంపైలరో మేక్‌కి చెబితే సరిపోతుంది. కెర్నెల్ బయటి సీ లైబ్రరీ దేన్నీ ఆశ్రయించదు, అందువల్ల మామూలు ప్రోగ్రాములతో వచ్చే తలనొప్పుల్లో చాలావాటికి ఇక్కడ చోటు లేదు. మేక్ నడుస్తున్నప్పుడు తెర మీద దొర్లిపోయే వరుసల్ని ఎవరూ చదవరు గానీ చదవదగ్గవే. కొన్నిటి మొదట సీసీ అని ఉంటుంది, కొన్నిటి మొదట హోస్ట్‌సీసీ అని. కెర్నెల్ తయారీలో కొన్ని చిన్న సహాయక ప్రోగ్రాములు కావాలి, అవి నడిచేది ల్యాప్‌టాప్‌లోనే. వాటిని ల్యాప్‌టాప్ కోసం, మిగతాదంతా పెట్టె కోసం కంపైల్ చెయ్యాలి. వేల ఫైళ్ల మధ్య ఈ రెండు ఖాతాలు ఎక్కడా కలిసిపోకుండా ఆ మేక్‌ఫైళ్లు చూసుకుంటాయి.

కేప్రోబ్స్ కూడా ఇదే క్రమశిక్షణలో పెరిగింది. ప్రోబుల జాబితా, వాటి నమోదు, తొలగింపు లాంటివన్నీ అందరికీ ఉమ్మడిగా ఒక ఫైలులో. ప్రాసెసర్ ముట్టుకునే భాగం మాత్రం ఏ ఆర్కిటెక్చర్‌ది దాని ఫోల్డర్లో. అందుకే 64 బిట్ల ఆర్మ్‌కు 2016లో, రిస్క్-ఫైవ్‌కు 2021లో ఈ సదుపాయం వచ్చినప్పుడు ఉమ్మడి భాగాన్ని తిరగరాయాల్సిన పని పడలేదు.

అసలు పనితనం చూడాలంటే మాత్రం ఎక్స్86 ఫోల్డర్లోకే వెళ్లాలి, ఎందుకంటే అక్కడ పని మరీ చిక్కు. 64 బిట్ల ఆర్మ్‌లో ప్రతి ఇన్‌స్ట్రక్షన్ నాలుగు బైట్లు. ఎక్స్86లో ఒక బైటు నుంచి పదిహేను బైట్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. బ్రేక్‌పాయింట్‌గా పనికొచ్చే ఇంట్3 ఇన్‌స్ట్రక్షన్ ఒకే ఒక్క బైటు, దాని విలువ 204. అంత చిన్నది కాబట్టే ఎంత చిన్న ఇన్‌స్ట్రక్షన్ స్థానంలోనైనా పట్టేస్తుంది, పక్కదాని మీద కాలు వెయ్యదు. కానీ మనం చెప్పిన చిరునామా నిజంగా ఇన్‌స్ట్రక్షన్ మొదలయ్యే చోటేనా? మధ్యలో ఎక్కడో ఇంట్3 పెడితే ప్రాసెసర్ దాన్ని బ్రేక్‌పాయింట్‌గా కాక వేరే ఏదో ఇన్‌స్ట్రక్షన్ ముక్కగా చదువుతుంది, అక్కడితో యంత్రం పని సరి. బైట్లను చూసి వెనక్కి లెక్కకట్టే వీలు ఎక్స్86లో లేదు. అందుకని కేప్రోబ్స్ ఆ ఫంక్షన్ మొదటికి వెళ్లి, ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ పొడవు విప్పుకుంటూ ముందుకు నడిచి, మనం చెప్పిన చోటికి సరిగ్గా అడుగు పడుతుందో లేదో చూస్తుంది. పడకపోతే కుదరదని చెప్పేస్తుంది.

పెట్టిన ఇంట్3ని ప్రాసెసర్ తొక్కింది, ట్రాప్ వచ్చింది, మన హ్యాండ్లర్ నడిచింది. ఇప్పుడు ఇంట్3 కింద దాగి ఉన్న అసలు ఇన్‌స్ట్రక్షన్ కూడా నడవాలి కదా. ఇంట్3 తీసి, పాత బైటు పెట్టి, ఆ ఒక్కటీ నడిపించి, మళ్లీ ఇంట్3 పెట్టొచ్చు. డీబగ్గర్లు చేసేది అదే. కానీ ఆ క్షణంలో ఇంకో ప్రాసెసర్ కోర్ అటుగా వస్తే కాపలా లేని దారిలో దర్జాగా దాటిపోతుంది. అందుకని ఇంట్3ని కదపరు. అసలు ఇన్‌స్ట్రక్షన్‌ని ముందే వేరే చోటికి కాపీ చేసి ఉంచుకుని, ఆ కాపీని నడిపిస్తారు.

ఇక్కడ మొదలవుతుంది సూక్ష్మమైన పని. ఇన్‌స్ట్రక్షన్ తన సొంత చోట కాక వేరే చోట నడిస్తే ఎన్ని తేడాలొస్తాయో ఒక్కొక్కటీ పట్టుకోవాలి. ‘నేనున్న చోటి నుంచి ఇంత దూరంలో ఉన్న డేటా తీసుకురా’ అనే ఇన్‌స్ట్రక్షన్ అయితే, కాపీలో ఆ దూరాన్ని కొత్త చోటికి తగ్గట్టు దిద్దాలి. కాల్ ఇన్‌స్ట్రక్షన్ అయితే తిరిగి రావలసిన చిరునామాగా స్టాక్ మీద కాపీ చిరునామా పడుతుంది, దాన్ని తుడిచి అసలు చిరునామా రాయాలి. నాకు బాగా నచ్చింది పుష్‌ఎఫ్ ముచ్చట. కాపీని సరిగ్గా ఒక్క అడుగే నడిపించడానికి మొదట్లో ప్రాసెసర్‌లోని టీఎఫ్ ఫ్లాగ్ ఎత్తేవారు. నడవాల్సింది పుష్‌ఎఫ్ అయితే? దాని పనే ఫ్లాగులన్నిటినీ స్టాక్ మీదికి తోయడం. మనం ఎత్తిన ఫ్లాగు కూడా అందులో పడి, తర్వాత ఎప్పుడో అసలు ప్రోగ్రాము వాటిని తిరిగి తీసుకున్నప్పుడు బయటపడుతుంది. అందుకని పుష్‌ఎఫ్ నడిచాక స్టాక్ మీద ఆ విలువను వెతికి, మనం కలిపినది తీసేసి, ముందు ఎలా ఉండేదో అలా పెట్టే రెండు వరుసలు రాశారు. కెర్నెల్లో లక్షలాది ఇన్‌స్ట్రక్షన్ల మధ్య పుష్‌ఎఫ్ మీదే ప్రోబ్ పెట్టే మనిషి ఎంత అరుదు! ఆ అరుదైన మనిషి కోసం ఆ వరుసలు ఉండేవి. ఏలూరు తివాచీని తెలిసినవాళ్లు వెనక్కి తిప్పి ముడులు చూస్తారు. ఈ కోడ్‌లో ముడులు ఇక్కడున్నాయి.

2021లో ఎక్స్86 నుంచి ఆ ఫ్లాగు పద్ధతిని తీసేశారు. ఇప్పుడు కాపీ వెనకే ఇంకో ఇంట్3 ఉంటుంది. కాల్, జంప్ లాంటివాటిని కాపీలో నడపడం మానేసి, అవి చేసే పనిని కోడే చేసిపెడుతుంది. శుభ్రమైన మార్పే. అయినా పాత రూపాన్ని ఒకసారి చదవకుండా కొత్తదాని విలువ తెలియదు.

ఇంకో ముడి, ఇదీ పాత రూపంలోదే. ఒక కోర్ ఇంట్3ని తొక్కింది. ట్రాప్ లోపలికి వచ్చేలోపు ఇంకో కోర్ మీద ఎవరో ఆ ప్రోబ్‌ని తొలగించేశారు. హ్యాండ్లర్ జాబితా వెతికితే ఈ చిరునామాకు ప్రోబే లేదు. మామూలు ప్రోగ్రామరైతే ఇక్కడ తప్పు జరిగిందని కేకపెడతాడు. వీళ్లు మాత్రం ఆ చిరునామాలో ఇప్పుడు ఏ బైటు ఉందో మళ్లీ చూసేవారు. ఇంట్3 లేకపోతే జరిగింది అర్థమైనట్టే. ఒక్క అడుగు వెనక్కి వేసి, తిరిగి వచ్చిన అసలు ఇన్‌స్ట్రక్షన్ నుంచి ప్రోగ్రాముని సాగనిచ్చేవారు. ఇంట్3 ఇంకా ఉంటే అది తమది కాదు, వేరే ఎవరిదో. దాన్ని వాళ్లకు వదిలేసేవారు. అక్కడ ఉన్న వ్యాఖ్య కూడా ఇదే సంగతిని తొణక్కుండా చెప్పేది.

హ్యాండ్లర్ నడుస్తుండగా అదే ఇంకో ప్రోబ్‌ని తొక్కితే ఏం చెయ్యాలి? లోపలికి లోపలికి దిగితే అంతులేదు. అందుకని రెండో హ్యాండ్లర్‌ని నడపరు. ఇన్‌స్ట్రక్షన్‌ని నడిపి పంపేసి, తప్పిపోయినవాటి లెక్కలో ఒకటి కలుపుతారు. ఫంక్షన్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు పట్టుకునే రిటర్న్ ప్రోబులకూ ఇదే లెక్క ఉంది. ఫంక్షన్‌లోకి వెళ్లేటప్పుడే స్టాక్ మీది తిరుగు చిరునామా తీసి దాచుకుని, దాని స్థానంలో తమ చిరునామా పెడతారు. దాచుకునే గళ్లు ముందే అనుకున్నన్నే ఉంటాయి. అవి నిండిపోతే ఆ ఒక్కసారికి చూడడం మానుకుంటారు, మానుకున్నామని రాసుకుంటారు. పట్టుకోలేనిది ఎంతో చెప్పే పరికరాన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

వేగం కథ 2010లో మలుపు తిరిగింది. అప్పటిదాకా 2005 నాటి ప్రాసెసర్ మీద ఒక ప్రోబ్ తగిలితే అర నుంచి ఒక మైక్రోసెకండు పట్టేదని డాక్యుమెంటేషన్ చెబుతుంది. అప్పుడు రెడ్ హ్యాట్‌లో ఉన్న మసామి హిరమత్సు ట్రాప్‌ని పక్కనపెట్టి ఐదు బైట్ల జంప్ పెట్టే పద్ధతి తెచ్చారు. దానితో 0.07 నుంచి 0.1 మైక్రోసెకండుకి దిగింది. అయితే ఐదు బైట్లంటే పక్క ఇన్‌స్ట్రక్షన్ల మీదా పడుతుంది. ఆ ఐదు బైట్ల మధ్యలోకి వేరే ఎక్కడి నుంచైనా దూకే జంప్ ఉంటే ప్రమాదం, కాబట్టి ఫంక్షన్ మొత్తం విప్పి చూస్తారు. సరిగ్గా ఆ మధ్యలో ఆగి నిద్రపోయిన టాస్క్ ఏదైనా ఉంటే అదీ దాటిపోయేదాకా కాచుకుంటారు. రాయడం కూడా ఒక్క ఊపున రాయరు. ముందు మొదటి బైటు స్థానంలో ఇంట్3, తర్వాత మిగతా నాలుగు బైట్లు, ఆఖరున ఇంట్3 స్థానంలో జంప్ మొదటి బైటు. సగం రాసిన చోటికి ఏ కోర్ వచ్చినా దానికి ఇంట్3 తగులుతుంది, సగం జంప్ ఎప్పటికీ తగలదు. ఈ షరతుల్లో ఏది కుదరకపోయినా చడీచప్పుడు లేకుండా పాత ఇంట్3తోనే సరిపెట్టుకుంటుంది.

ఇంత పొందికైనది అయిదు నిమిషాల్లో కెర్నెల్లోకి రాలేదు. ఐబీఎంలో ముందు డీప్రోబ్స్ అని పెద్ద కట్టడం ఉండేది. ఓఎస్/2 కాలం నాటి ట్రేసింగ్ అనుభవం దానికి మూలం. ప్రోబ్ తగిలితే ఏం చెయ్యాలో రాయడానికి దానికి సొంత చిన్న భాష, కెర్నెల్ లోపలే దాన్ని నడిపే ఇంటర్‌ప్రెటర్. అంత బరువుని కెర్నెల్ పెద్దలు లోపలికి రానివ్వలేదు. అందులోంచి అడుగున ఉన్న యంత్రాంగాన్ని మాత్రం వేరుచేసి తీస్తే వచ్చింది కేప్రోబ్స్. 2004లో 2.6.9తో అది ప్రధాన కెర్నెల్లో చేరింది. తిప్పిపంపడం మంచిదే అయిందని నా అభిప్రాయం. సన్ సంస్థ సొలారిస్ 10తో 2005లో డీట్రేస్‌ని ఒకే సంపూర్ణ పరికరంగా ఇచ్చింది, వాడేవాళ్లకు అది పండుగ. లినక్స్‌లో వాడుకకు సుఖమైనది రావడానికి చాలా ఏళ్లు పట్టింది. కానీ అడుగున ఉన్నది చిన్నది కావడంతో దాని మీద సిస్టమ్‌ట్యాప్, పెర్ఫ్, ఎఫ్‌ట్రేస్ ఎవరి దారిన వాళ్లు కట్టుకోగలిగారు. 2015లో 4.1 కెర్నెల్‌తో ఈబీపీఎఫ్ ప్రోగ్రాములు కేప్రోబ్స్‌కి తగిలించుకునే వీలు వచ్చింది. చూడండి చిత్రం, గుమ్మంలోంచి తిప్పిపంపిన ‘కెర్నెల్లోపల చిన్న భాష’ పదేళ్లు దాటాక అదే ఇంటికి వచ్చింది. ఈసారి మాత్రం లోపలికి అడుగుపెట్టే ముందే ప్రోగ్రాముని శల్యపరీక్ష చేసే వెరిఫయర్‌తో వచ్చింది.

తీసేయడంలోనూ వీళ్లకు మొహమాటం లేదు. 2004లో చేర్చిన జంపర్ ప్రోబులు చాలా తెలివైన ఏర్పాటు. ఫంక్షన్‌కి వచ్చిన ఆర్గ్యుమెంట్లను మన ఫంక్షన్ అచ్చం తనకే వచ్చినట్టు అందుకునేది. దానికోసం స్టాక్ ముక్కని దాచి, మళ్లీ తెచ్చి పెట్టే గారడీ చెయ్యాల్సివచ్చేది. మంచి దారులు వచ్చాక 2018లో దాన్ని పూర్తిగా తీసేశారు. ఇటు చేర్చినవీ ఉన్నాయి. ట్రాప్‌ని అందుకునే కోడ్ మీదే ప్రోబ్ పెడితే యంత్రం తన తోక తానే మింగుతుంది, కాబట్టి ప్రోబ్ పెట్టకూడని ఫంక్షన్లకు గుర్తు వేసే పద్ధతి ఉంది. మొదట వాటిని ప్రత్యేక సెక్షన్‌లో ఉంచేవారు, తర్వాత నల్లజాబితా పెట్టారు.

మనవాళ్లు దొడ్డిదారి వెతకడంలో సిద్ధహస్తులు గనక ఒక మాట. 2020లో 5.7 కెర్నెల్ నుంచి, ఏ ఫంక్షన్ చిరునామానైనా వెతికిపెట్టే ఒక ఫంక్షన్‌ని బయటి మాడ్యూళ్లకు అందకుండా చేశారు. వెంటనే కొందరు ఆ ఫంక్షన్ మీదే ఒక కేప్రోబ్ నమోదు చేసి, నమోదులో కనిపించిన చిరునామా జేబులో వేసుకుని, ప్రోబ్ తీసేశారు. కేప్రోబ్స్ రాసినవాళ్లు ఈ వాడుకను కలలో కూడా అనుకుని ఉండరు.

ఇదంతా కెర్నెల్ లోపలి సంగతి. మామూలు ప్రోగ్రాముల్లో ఇదే పని చేసే యూప్రోబ్స్ 2012 జులైలో 3.5 కెర్నెల్‌తో వచ్చింది. ఆ ఫైలు పైన 2008 నుంచి 2012 వరకు ఐబీఎం కాపీరైటు, రచయితలుగా శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్. కింద రెడ్ హ్యాట్ తరఫున పీటర్ జిల్‌స్ట్రా పేరు. ద్రోణంరాజు ఎంత తెలుగు ఇంటిపేరో మనకు వేరే చెప్పనక్కరలేదు. నాలుగేళ్ల కాపీరైటు వరుస చూస్తేనే తెలుస్తుంది, ఒక్క విసురులో అయిన పని కాదు.

ముందటి రూపాల్లో ప్రోబ్ ఒక ప్రాసెస్‌కి కట్టుబడి ఉండేది. చివరికి స్థిరపడిన రూపంలో అది ఫైలుకి కట్టుబడింది. ఈ ఫైలు, ఇందులో మొదటి నుంచి ఇంత దూరం అని చెబుతాం. ఆ ఫైలుని మెమరీలోకి తెచ్చుకున్న ప్రతి ప్రాసెస్‌లోనూ, రేపు కొత్తగా మొదలయ్యే వాటిలోనూ ప్రోబ్ దానంతట అదే చేరుతుంది. మన చెరువు పెట్టెలో సెన్సారు ప్రోగ్రాము రాత్రి రెండింటికి పడిపోయి మళ్లీ లేచినా ప్రోబ్ పోదు, మనం లేవక్కర్లేదు. డిస్కు మీది ఫైలు చెక్కుచెదరదు, మెమరీలో ఆ పేజీకి ఆ ప్రాసెస్ సొంత కాపీ తీసి అందులోనే బ్రేక్‌పాయింట్ రాస్తారు. దాచిన ఇన్‌స్ట్రక్షన్లను నడపడానికి ప్రాసెస్‌కి ఒక పేజీ విడిగా ఇస్తారు. ఎక్స్86లో 4096 బైట్ల ఆ పేజీని 128 బైట్ల చొప్పున 32 గళ్లుగా పంచారు. ముప్ఫై రెండూ నిండితే తర్వాతి థ్రెడ్ వరుసలో నిలబడాలి. కెర్నెల్ లోపల వరుసలో నిలబెట్టడం కుదరదు కాబట్టి అక్కడ తప్పిపోయిన లెక్క, ఇక్కడ థ్రెడ్ ఆగగలదు కాబట్టి నిరీక్షణ. ఒకే చిక్కుకి రెండు చోట్ల రెండు జవాబులు, రెండూ ఆ చోటికి సరైనవి.

చేత్తో చేసి చూడాలనుకునే విద్యార్థికి బోర్డు కూడా అక్కర్లేదు. రిస్క్-ఫైవ్‌కి కెర్నెల్‌ని క్రాస్ కంపైల్ చేసి, ఎమ్యులేటర్ క్యూఎమూలో లేపవచ్చు. 1234 పోర్టు మీద జీడీబీ తగిలించి కెర్నెల్‌ని ఆపి చూసే పాత పద్ధతి కూడా అక్కడే ఉంటుంది, పోల్చుకోవడానికి. కెర్నెల్ సోర్సులోనే శాంపిల్స్ ఫోల్డర్లో కేప్రోబ్ ఉదాహరణ ఒకటి ఉంది. కొత్త ప్రాసెస్ పుట్టించే ఫంక్షన్ మీద అది కాపు కాస్తుంది. మాడ్యూల్ ఎక్కించి షెల్‌లో ఎల్ఎస్ అని కొట్టినా చాలు, కెర్నెల్ లాగులో వరుసలు పడతాయి. ఆ చిన్న ఫైలులో ప్రింట్ వరుస ఒక్కటి కాదు, ఎక్స్86కి ఒకటి, ఆర్మ్‌కి ఒకటి, రిస్క్-ఫైవ్‌కి ఒకటి, ఎవరి రిజిస్టరు పేర్లు వాళ్లవి. మొదట అది చదవాలి. తర్వాత రిస్క్-ఫైవ్ ఫోల్డర్లోది, ఆపైన ఎక్స్86 ఫోల్డర్లోది. ఐదు బైట్ల జంప్ ఉన్న ఫైలుని మాత్రం ఆఖరుకి ఉంచుకోవాలి, ఒక ఆదివారం పూర్తిగా ఖాళీ పెట్టుకుని.